ఊసుపోక కుట్టినవేనా?



ఈ వేళకి మీలో చాలామంది వంటిల్లు సర్దుకుని, వీధి తలుపు గడియ వేసి, ఓ చాప పరుచుకుని కూర్చుని ఉంటారు. చేతిలో ఏముంది? రవికకు వెయ్యాల్సిన హుక్కులా? మనవడి నిక్కరుకు ఊడిన అంచా? సగం అల్లిన లేసా? ఏదో ఒకటి ఉండే ఉంటుంది. మనకి ఉత్త చేతులతో కూర్చోవడం ఎవరూ నేర్పలేదు.

నా సంగతి చెబుతాను. మేముండేది రుషికొండలో, సముద్రానికి దగ్గరగా. మా ఇంట్లో ఈ పూట మూడు పనులు సగంలో ఉన్నాయి. మంచం కింద చుట్ట చుట్టి పెట్టిన బొంత ఒకటి. దానికి ఇంకా రెండు వైపులే కుట్టు పడింది. మిషను మీద మా అమ్మాయి జాకెట్టు, చేతులు అతకాలి. తలుపు వెనక మేకుకు తగిలించిన సంచిలో ఊలు టోపీ, మా చెల్లెలి కోడలికి పుట్టబోయే పసివాడికి. తల్లికి ఏడో నెల వచ్చింది గాని, టోపీ ఇంకా చెవుల దాకా రాలేదు.

పైగా సముద్రపు గాలి. ఇక్కడ సూదిని నాలుగు రోజులు బయట మరిచిపోతే తుప్పు పట్టి గుడ్డలో దిగనంటుంది. మా అత్తగారు రాలిన తలవెంట్రుకలు పోగుచేసి, చిన్న గుడ్డసంచిలో కూరి కుట్టి, దానికి సూదులు గుచ్చి ఉంచేవారు. వెంట్రుకలకు నూనె ఉంటుంది గనక సూది నిగనిగలాడుతూ ఉండేది. కొత్తకోడలిగా నేనది చూసి ముఖం తిప్పుకున్నాను. ఇప్పుడు నా సూదులుండేదీ అలాంటి సంచిలోనే. ఆ మాట ఆవిడ ఉండగా ఒప్పుకోలేకపోయాను, అదొక్కటే బాధ.

సాయంత్రాలు ఒడ్డు వైపు వెళితే జాలర్లు వలలు బాగుచేసుకుంటూ కనిపిస్తారు. వల కొస కాలి బొటనవేలికి తగిలించుకుని, దారం చుట్టిన చెక్కసూదితో తెగిన కన్ను కన్నూ ముడివేస్తారు. చూస్తూంటే అచ్చం మన లేసు అల్లికే. ఒకనాడు ఒక పెద్దాయన్ని పలకరించాను, "ఏం తాతా, ఊసుపోక అల్లుతున్నావా?" అని. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఊసుపోడానికేటమ్మా, పని గాని! వలకి కన్నముంటే సేప నిలుస్తాదేటి?" అన్నాడు.

పని! ఇంటికి వస్తూ దారంతా అదే ఆలోచించాను. అదే దారం, అదే ముడి. ఆయన ఒడ్డున కూర్చుని చేస్తే పని, నేను వరండాలో కూర్చుని చేస్తే కాలక్షేపం. ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరు తెచ్చారు? దీని వెనక ఉన్న పాత కథ కొంత మీకు చెప్పాలనిపించింది.

మొదట మీకూ నాకూ తెలిసిన సంగతే ఒకటి గుర్తు చేస్తాను. కుట్టుపనులన్నీ ఒకే రకం తీరికతో అయ్యేవి కావు. బొంతకు నేల కావాలి. గది ఖాళీ చేసి, పరిచి, పిల్లలు తొక్కకుండా కాపలా కాసి కుట్టాలి. మిషను పనికి కదలకుండా అరగంటైనా కావాలి. మధ్యలో కుక్కరు కూతపెడితే కుట్టు వంకరపోతుంది. ఊలూ, లేసూ అలా కావు. సంచిలో వేసుకుని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు, ఏ నిమిషంలోనైనా కింద పెట్టి లేవవచ్చు, మళ్ళీ అందుకోవచ్చు. ఇది జ్ఞాపకం ఉంచుకోండి. ముందు ముందు దీనితో పని ఉంది.

ఇప్పుడు రుషికొండ దాటి భీమిలి రోడ్డున కాస్త ముందుకు వెళదాం. తొట్లకొండ, బావికొండ మీలో చాలామంది పిల్లల్ని తీసుకుని చూసే ఉంటారు. 1976లో నౌకాదళం వారు ఆ ప్రాంతాన్ని సర్వే చేస్తుంటే తొట్లకొండ మీది బౌద్ధ శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 దాకా పురావస్తు శాఖ వారు అక్కడ తవ్వించారు. బావికొండ తవ్వకాలు అంతకు కొంచెం ముందువి. రెండు వేల ఏళ్ళ కిందట ఆ కొండల మీద భిక్షువులు ఉండేవారు. మనం వెళ్ళి స్తూపం చూస్తాం, రాతిలో తొలిచిన నీటితొట్లు చూస్తాం, సముద్రం చూసి ఫోటో తీయించుకుంటాం. నేను మాత్రం అక్కడ కూర్చుంటే సూది గురించి ఆలోచిస్తాను.

నవ్వకండి. బౌద్ధ భిక్షువు తనవని ఉంచుకోదగ్గ వస్తువులు ఎనిమిదే అని సంప్రదాయం. మూడు వస్త్రాలు, భిక్షాపాత్ర, నడికట్టు, మంగలికత్తి, నీళ్ళు వడగట్టే గుడ్డ, ఎనిమిదోది సూది. ఇల్లూ వాకిలీ విడిచినవాడు కూడా సూదిని విడవలేదన్నమాట. ఎందుకంటే ఆయన కట్టుకునే బట్ట నిండు బట్ట కాదు. ముక్కలు కోసి అతికిన బట్ట. మగధ దేశంలో గట్లు గట్లుగా కనిపించే వరిమళ్ళను ఆనందుడికి చూపించి, వస్త్రాన్ని ఆ తీరుగా కుట్టవచ్చునా అని బుద్ధుడు అడిగాడనీ, ఆనందుడు అలాగే కుట్టి చూపించాడనీ పాళీ వినయ గ్రంథంలో ఉంది. కోసి అతికిన బట్ట మీద దొంగలకు ఆశ పుట్టదు, సన్న్యాసికి తగినట్టూ ఉంటుంది. మన సంస్కృతంలో కంథ అన్నా తెలుగులో బొంత అన్నా ఆ అతుకుల వస్త్రమే.

ఆ గ్రంథంలోనే ఇంకో ముచ్చట ఉంది. దంతపు పనిచేసే ఒకాయన భిక్షువులకు సూదులు పెట్టుకునే దంతపు గొట్టాలు చేసిస్తానన్నాడట. ఇంకేముంది, ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ, చిన్నది వద్దు పెద్దదనీ, పెద్దది వద్దు చిన్నదనీ ఎగబడ్డారు. పాపం ఆయన సొంత పని మూలపడి, ఇల్లు గడవని స్థితి వచ్చింది. దాంతో ఎముకతో, దంతంతో, కొమ్ముతో చేసిన సూదిగొట్టాలు వాడరాదని నియమం పెట్టారు. రంగురంగుల దారపు ఉండలు కనిపిస్తే కొట్టు ముందు మనం ఆగిపోవడం కొత్తేమీ కాదని దీన్ని చదివాక నాకు కాస్త ఊరట కలిగింది.

వర్షాకాలపు వాసం ముగిశాక కఠినమని ఒక వేడుక. కఠినం అంటే కుట్టడానికి బట్ట బిగించే చట్రం. దానంగా వచ్చిన గుడ్డను ఆ ఒక్క రోజులోనే కోసి, కుట్టి, రంగు వేసి వస్త్రం తయారు చెయ్యాలి. పెద్దా చిన్నా అందరూ కూర్చుంటేగాని అయ్యేది కాదు. ఒక్క రోజులో! మనకేమో ఏడాదికీ ఒక బొంత అవదు. వాళ్ళకు పొయ్యి మీద పాలు లేవు, బడి నుంచి వచ్చే పిల్లలు లేరు అని మీరనవచ్చు. నిజమే. కాని నేను చెప్పదలచింది వేరు. అలా నలుగురూ కూర్చుని కుట్టిన కుట్టును కాలక్షేపమని ఎవరూ అనలేదు. అది ధర్మకార్యం.

మరి మన ఇళ్ళలో బొంత? మెత్తగా నలిగిన నూలు చీరలు, పంచెలు నాలుగైదు పొరలు నేల మీద పరిచి, మూలలు కదలకుండా పొత్రమో, ఇత్తడి బిందో బరువు పెట్టి, ముందు పెద్ద టాకాలు వేసి, ఆ తరువాత అంచుల నుంచి లోపలికి కుట్టుకుంటూ వచ్చేవారు. దారం కూడా కొనేవారు కాదు, పాత చీర అంచులోంచి పోగులు లాగేవారు. ఒకరు ఇటు, ఒకరు అటు కూర్చుంటేగాని సాగేది కాదు. పురిటి పసికందుకు కొత్త గుడ్డ పనికిరాదనీ, వాడి వాడి మెత్తబడ్డ గుడ్డే హాయనీ మన పెద్దవాళ్ళకు తెలుసు. అమ్మమ్మ చీరలో ఇల్లంతటి మెత్తదనం వచ్చాకే దాన్ని బొంతలో పెట్టేవారు.

మన తీరపు బట్టకీ దూరదేశాల బొంతలకీ చుట్టరికం ఉందంటే మీకు వింతగా ఉంటుంది. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం వైపు అద్దకపు బట్టలు, మంచం మీద కప్పుకునే పూల దుప్పట్లు ఓడలకెక్కి ఇంగ్లండు వెళ్ళేవి. మన విశాఖపట్నంలో కూడా ఇంగ్లీషు వాళ్ళు 1682లో బట్టల వ్యాపారానికే స్థావరం పెట్టారు. ఆ పూలబట్ట అక్కడి ఆడవాళ్ళకు ఎంత నచ్చిందంటే, తమ ఉన్ని, పట్టు నేతగాళ్ళు గోల పెట్టగా వాళ్ళ పార్లమెంటు 1700లో అద్దకపు బట్ట దిగుమతిని ఆపింది, 1721లో దాన్ని కట్టుకోవడం, పక్కల మీద పరవడం కూడా నిషేధించింది. ఒక ప్రభుత్వం ఆడవాళ్ళ పడకగదిలో దుప్పటి దాకా వచ్చిందంటే చూడండి! అక్కడి గృహిణులు మాత్రం అరుదైన ఆ బట్టలో పూలూ పిట్టలూ ఒక్కొక్కటే కత్తిరించి, తెల్లగుడ్డ మీద అతికి, బొంతలుగా కుట్టుకునేవారు. పీలిక కూడా పారెయ్యలేదు. పీలికలు దాచే బుద్ధి అన్ని దేశాల ఆడవాళ్ళకీ ఒకటే.

ఇక్కడ మన బొంతకు దెబ్బ తగిలింది చట్టంవల్ల కాదు, స్టీలు గిన్నెలవల్ల. 1970, 80లలో కాపురాలు చేసినవాళ్ళకు జ్ఞాపకం ఉంటుంది. మధ్యాహ్నం వీధిలో "పాతబట్టలకి స్టీలు సామాన్లమ్మా" అని కేక. నాలుగు చీరలిస్తే ఒక డబ్బా, జరీ చీరైతే ఏకంగా ఒక పళ్ళెం. బేరం అరగంట. బొంతలో పడవలసిన చీరలన్నీ అలా గంపకెత్తి వెళ్ళిపోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ మన ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేసిన ఊరు మనది. ఈ గిన్నెల స్టీలు వేరు, ఆ ఉక్కు వేరు అనుకోండి. అయినా మా అత్తగారు ఆ గంప మనిషిని చూసినప్పుడల్లా "మన ఊళ్ళో ఉక్కంతా మన చీరలకే దిగుతోంది" అనేవారు. ఆ రోజుల్లోనే నైలాను, టెరిలిన్ చీరలు వచ్చాయి. అవి చిరగవు, నలగవు, చెమట పీల్చవు, బొంతకు బొత్తిగా పనికిరావు.

మిషను కథ పెద్దది గాని క్లుప్తంగా చెబుతాను. సింగర్ అమెరికాలో తన మిషనుకు పేటెంటు తీసుకున్నది 1851లో. వాయిదాల మీద సరుకు ఇచ్చే పద్ధతిని ఇళ్ళకు అలవాటు చేసినవాళ్ళలో ఆ కంపెనీ ముందుంది. మన దేశంలో ఉషా మిషన్లు కలకత్తాలో తయారవడం 1930ల్లో మొదలైంది. యంత్రాలంటే ఇష్టపడని గాంధీగారు కూడా 1924లో ఒక విద్యార్థితో మాట్లాడుతూ కుట్టు మిషనుకు మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టి కుట్టి అలసిపోవడం చూడలేక, ప్రేమకొద్దీ సింగర్ దాన్ని కనిపెట్టాడని ఆయన విన్న కథ. నిజానికి ఆ సింగర్ సంసారం చరిత్ర చదివితే ప్రేమ మాట అలా ఉంచి, ఎన్ని సంసారాలో లెక్క తేలదు! అయినా గాంధీగారు ఒక మంచి మాట పట్టుకున్నారు. చేత్తో కుట్టడం శ్రమ అని. ఆ శ్రమను తగ్గించడం విలువైన సంగతి అని. ఇంట్లో ఆడది కుట్టే కుట్టును అంత పెద్ద మనిషి శ్రమ అని పిలవడం నాకు ముచ్చటేసింది.

ఊలు మన ఊరికి అవసరమై రాలేదు. ఇక్కడ చలి ఎక్కడిది? 1968లో తూర్పు నౌకాదళం ప్రధాన స్థావరం ఇక్కడ ఏర్పడ్డాక ఉత్తరాది కుటుంబాలు చాలా వచ్చాయి. నాకు సీదా, ఉల్టా నేర్పినది మా పక్క వాటాలో ఉన్న ఒక పంజాబీ ఆవిడే. ఆవిడకు తెలుగు రాదు, నాకు హిందీ రాదు. కుట్టు తప్పితే చేతి మీద ఒక్కటి వేసేది, అంతే.

ఇక అసలు కథకు వస్తాను. నరసాపురం లేసు.

పందొమ్మిదో శతాబ్దంలో గోదావరి ప్రాంతానికి వచ్చిన మిషనరీ కుటుంబాల స్త్రీలు అక్కడి పేద క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లడం నేర్పారు. మెక్రే అనే దంపతుల పేరు చెబుతారు. ఒక చిన్న కొక్కెం సూది, ఒక దారపు ఉండ, అంతే పెట్టుబడి. అల్లినవి ఆ మిషనరీలే తమ దేశాల్లో తెలిసినవాళ్ళకు పంపేవారు. క్రమంగా అది నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెలకు పాకింది, ఇతర కులాల ఇళ్ళలోకీ వెళ్ళింది. గడప దాటి పొలం పనికి వెళ్ళడం పరువు తక్కువనుకునే ఇళ్ళలో ఇది బాగా నాటుకుంది. ఎందుకంటారా? అరుగు దిగనక్కర్లేదు. ఎవరూ చూడరు. అన్నం ఉడికే లోపల నాలుగు వరసలు, పిల్లవాడు నిద్రపోయే లోపల ఒక పువ్వు. ఇందాక జ్ఞాపకం ఉంచుకోమన్నాను చూడండి, ఏ నిమిషంలోనైనా కింద పెట్టి లేవగలిగే పని అని. సరిగ్గా అదే.

1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త అక్కడికి వచ్చి ఆ ఆడవాళ్ళ మధ్య పరిశోధన చేసింది. 1982లో ఆ పుస్తకం ఇంగ్లీషులో లండన్‌లో అచ్చయింది. పేరులోనే ఉంది సంగతంతా: నరసాపురం లేసు అల్లేవాళ్ళు, ప్రపంచ బజారుకు సరుకు తయారుచేసే భారతీయ గృహిణులు అని. ఆవిడ చూసిందేమిటంటే, ఒక్కొక్కరూ ఇంటిపని అంతా చేసుకుంటూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. చీకటితో లేచినది మొదలు పడుకునే దాకా లెక్కవేస్తే ఏ ఫ్యాక్టరీలోనూ లేనంత పని. దానికి రోజు కూలి సగటున రూపాయి కూడా పడేది కాదు.

పని కూడా ముక్కలు ముక్కలుగా పంచి ఇచ్చేవారు. ఒక ఇంట్లో పువ్వులు అల్లుతారు, ఇంకో ఇంట్లో వాటిని కలుపుతారు. ఆ కలపడాన్ని అతుకుపని అంటారు. ఏజెంటు దారం తెచ్చిచ్చి, అల్లినది పట్టుకుపోతాడు. పువ్వు అల్లిన అమ్మాయి నిండు బల్లగుడ్డ ఎలా ఉంటుందో చూడకుండానే ఏళ్ళు గడిపేసేది. అది ఏ దేశంలో ఎవరింట్లో బల్ల మీద పరుస్తారో, ఎంతకు కొంటారో ఆమెకు ఎలా తెలుస్తుంది? వ్యాపారం, ఎగుమతి మగవాళ్ళ చేతుల్లో ఉండేవి. అల్లిక మాత్రం మొదటి నుంచీ ఆడవాళ్ళదే.

అంత తక్కువ కూలి ఎలా చెల్లింది? బెదిరించి కాదు. ఒక్క మాటతో. "వాళ్ళు ఇంట్లో కూర్చుని తీరిక వేళల్లో చేసుకునేదే కదా" అని. షావుకారు అదే అన్నాడు, భర్త అదే అన్నాడు, చివరికి అల్లే ఆవిడా అదే అంది. "ఏం చేస్తారమ్మా?" అని అడిగితే "ఏమీ చెయ్యను, ఇంట్లోనే ఉంటాను" అని చెప్పే అలవాటు మనకూ ఉంది కదూ! జనాభా లెక్కల వాళ్ళు ఆ జవాబే రాసుకున్నారు. వేల మంది అల్లినా కాగితం మీద పనివాళ్ళుగా కనిపించలేదు. కనిపించనివాళ్ళకు కూలి రేటు ఎవరు కడతారు?

మీరొకటి గమనించండి. అదే గోదావరి గట్టున మగవాడు వల అల్లితే దానికి రేటు ఉంది. ఆ వల లేకపోతే ఇల్లు గడవదని అందరికీ తెలుసు గనక. లేసు డబ్బుతో ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలిగిందో, కరువు రోజుల్లో ఎందరికి అదే ఆధారమైందో ఆ ఇళ్ళవాళ్ళకూ తెలుసు. బయటికి చెప్పుకోలేదు, అంతే. ఆడదాని సంపాదన మీద బతికామని ఒప్పుకోవడం కష్టం మరి.

ఆ తరువాత మార్పులు రాలేదని కాదు. స్త్రీల సంఘాలు వచ్చాయి, శిక్షణలు వచ్చాయి. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పేరుతో వేరే చోటి సరుకు అమ్మకూడదన్నమాట. సంతోషమే. పేరుకు రక్షణ దొరికింది. అల్లే చేతికి గంటకు ఎంత అన్నది మాత్రం ఆ పత్రం మీద ఉండదు.

ఇదంతా చదివిన రోజు నేనొక పిచ్చి పని చేశాను. పాల లెక్క రాసుకునే క్యాలెండరు ఉందే, దాని మీద బొంత కుట్టిన సమయం కూడా రాయడం మొదలుపెట్టాను. పదిహేను నిమిషాలకు ఒక గీత. పప్పు ఉడికే లోపల ఒకటి, కరెంటు పోయినప్పుడు రెండు. మావారు చూసి, "ఇదేమిటి, పాలవాడు రోజుకు ఆరుసార్లు వస్తున్నాడా?" అన్నారు. రెండు వైపులు పూర్తయ్యేసరికి గీతలన్నీ కూడితే నలభై మూడు గంటలు తేలింది. నేను పది గంటలు అనుకున్నాను. నా పనికి నేనే అంత తక్కువ కట్టుకున్నాను!

మొన్న మా కింద వాటాలో ఉన్న అమ్మాయి వచ్చింది. ఆఫీసుకు వెళ్ళే పిల్ల, బుద్ధిమంతురాలు. "ఆంటీ, మా పాపకి ఒక బొంత కుట్టి పెట్టండి. మీరెలాగూ ఖాళీగానే ఉంటారు కదా" అంది. కోపం రాలేదంటే అబద్ధం. ఏమీ అనకుండా గోడ మీది క్యాలెండరు చూపించాను. గీతలేమిటని అడిగింది, చెప్పాను. నిలబడి వేలితో లెక్కపెట్టింది, ఒకచోట తప్పి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. అయ్యో, మనసు కష్టపెట్టానేమో అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం తలుపు తట్టింది. చేతిలో వాళ్ళమ్మగారి వాయిలు చీరలు నాలుగు, కొత్త సూది ఒకటి. గదిలో మంచం గోడకు జరిపి, నేల మీద పరిచాం. మూలలకు పొత్రం లేదు గనక గ్రైండరు రాయి ఒకటి, నిఘంటువులు రెండు పెట్టాం. ఆమె కుట్టు ఇంకా అంగుళం అంగుళం పొడుగు పడుతోంది, విప్పమంటే నవ్వుతుంది. పాప మధ్యలో పాకుతూ వచ్చి చీర మీద కూర్చుంటే కాసేపు ఆగుతాం. ఆమె గీతలు క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో వేసుకోమన్నాను.